షాడోస్ పూర్తయింది, తర్వాతి అసాసిన్స్ క్రీడ్ మా చంద్రగిరికి రావాలి

నిన్న రాత్రి అసాసిన్స్ క్రీడ్ షాడోస్ పూర్తి చేశాను, పాత కాలపు ఊళ్ళలో చాటుగా తిరిగి శత్రువుల్ని చంపే అసాసిన్‌ల కథలతో వచ్చే వీడియోగేమ్ సిరీస్ ఇది. నాలుగు నెలలు పట్టింది, గేమ్ చూపించిన లెక్క ప్రకారం డెబ్బై ఎనిమిది గంటలు. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఒకతని దగ్గర సెకండ్ హ్యాండ్ డిస్క్ తీసుకున్నా, రెండు వేల నాలుగు వందలకి. ఆ డబ్బులకి న్యాయం జరిగిందా అంటే జరిగింది. ఈ సిరీస్‌లో ఇంత అందమైన గేమ్ నేను చూడలేదు, దాక్కుని ఆడే ఆట కూడా ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. అయినా సగానికి వచ్చేసరికి విసుగొచ్చి మూడు వారాలు పక్కన పెట్టేశాను. ఆ విసుగు ఎందుకొచ్చిందో ఆలోచిస్తే తర్వాతి గేమ్ ఎట్లా ఉండాలో, ఎక్కడ జరగాలో కూడా నాకు స్పష్టంగా కనిపించింది, అందుకే రెండూ కలిపి రాస్తున్నా. కథ చివర్లో ఏమవుతుందో చెప్పను, ధైర్యంగా చదవండి.

ముందు బాగున్నవి. కథ 1579 ప్రాంతపు జపాన్‌లో జరుగుతుంది, ఓడా నోబునాగా ఒక్కో ప్రాంతాన్నీ కలిపేసుకుంటున్న కాలం. ఇద్దరు హీరోలు. నావొయే అని ఇగా ప్రాంతం నుంచి వచ్చిన షినోబి, అంటే నింజా, అమ్మాయి, యసుకే అని నోబునాగా కొలువులో పనిచేసిన ఆఫ్రికా మనిషి, ఇతను నిజంగా చరిత్రలో ఉన్నవాడే. నేను నూటికి ఎనభై పాళ్ళు నావొయేతోనే ఆడాను. దీపం ఆర్పితే గది చీకటవుతుంది, చీకట్లో నువ్వు కనిపించవు, కానీ దీపం ఆరిందేమిటా అని కాపలావాడు వస్తాడు, వాడు వచ్చేలోపు నేల మీద బోర్లా పడుకుని పాకుతూ అవతలికి పోవాలి. చెరువులో మునిగి వెదురు గొట్టంతో ఊపిరి పీల్చుకుంటూ ఉండొచ్చు. కాలాలు మారుతాయి, ఎండాకాలంలో నిన్ను దాచిన పొద చలికాలంలో ఆకులు రాలి బోసిగా ఉంటుంది, చూరుకు వేలాడే మంచు ముక్కలు తగిలితే కింద పడి చప్పుడు చేస్తాయి. ఒక వానరాత్రి నేను ఒకే ఒక్క కోటలో గంటన్నర ఉన్నాను, ఒక్కడిని కూడా చంపకుండా లోపలికి పోయి బయటికొచ్చాను, గుండె దడదడలాడింది. పద్దెనిమిదేళ్ళుగా ఈ సిరీస్ ఇస్తానన్నది ఇదే కదా అనిపించింది.

యసుకేతో ఆట వేరే. తలుపులు పగలగొట్టుకుని ఎదురుగా పోవడం, దెబ్బకి దెబ్బ. పోరాటం బాగుంది, బరువు తెలుస్తుంది. కానీ అతను సరిగ్గా ఎక్కలేడు, పరుగెత్తి గోడలు దాటలేడు, ఈ సిరీస్‌లో గోడ ఎక్కలేని హీరో అంటే నాకు మనసొప్పలేదు. కథలో అతని భాగం నిజంగా కదిలిస్తుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

కొనేవాళ్ళకి రెండు మాటలు. సెట్టింగ్స్‌లోకి పోయి గ్యారంటీడ్ అసాసినేషన్ ఆన్ చేసుకోండి, లేకపోతే హిడెన్ బ్లేడ్‌తో, అంటే మణికట్టు దగ్గర దాచుకునే కత్తితో, మెడలో పొడిచినా పెద్ద లెవెల్ శత్రువు చావడు, అంతకంటే చిరాకు ఇంకోటి లేదు. ఇమ్మర్సివ్ మోడ్ కూడా పెట్టుకోండి. జపాన్ వాళ్ళు జపనీస్‌లో, పాద్రీలు పోర్చుగీసులో మాట్లాడతారు, సబ్‌టైటిల్స్ చదువుకోవాలి కానీ ఆ కాలంలో ఉన్నట్టే ఉంటుంది.

ఇక విసుగు సంగతి. మ్యాప్ చాలా పెద్దది. పెద్దదైతే తప్పేముంది అంటారేమో, ఆ పెద్ద మ్యాప్‌ని నింపడానికి పెట్టిన పనులు చూడండి. ప్రతి గుడిలో పోయిన పుస్తకం పేజీలు ఏరుకోవాలి. ప్రతి కోటలో ఇద్దరో ముగ్గురో నలుగురో సమురాయ్‌లను వెతికి చంపితే పెట్టె తెరుచుకుంటుంది, పెట్టెలో ఇంకో కత్తి, ఆ కత్తి నీ దగ్గర ఉన్న కత్తి కంటే నాలుగు పాయింట్లు ఎక్కువ. చంపాల్సిన మనుషుల పటం ఒకటి ఉంటుంది, గుండ్రాలు గుండ్రాలుగా పదుల సంఖ్యలో ముఖాలు, సగం మంది పేర్లు కూడా నాకు గుర్తు లేవు. ఒక మనిషిని చంపబోతున్నానంటే వాడెవడో, ఏం చేశాడో, వాడు చస్తే ఊరికి ఏమవుతుందో నాకు తెలియాలి కదా. మొదటి గేమ్‌లో తొమ్మిది మందే. ఒక్కొక్కడి గురించి ఊళ్ళో తిరిగి, చాటుగా విని, జేబులు కొట్టి తెలుసుకున్నాకే కత్తి తీసేవాళ్ళం. ఆ గేమ్‌లో కూడా చేసిందే చేయడం ఎక్కువగా ఉండేది, నిజమే, కానీ ఆ తొమ్మిది మందిలో ఐదుగురి ముఖాలు నాకు ఇవాళ్టికీ గుర్తున్నాయి.

మా పిన్ని కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, సెలవులకి వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూస్తుంటాడు. వాడు రెండో వారం అడిగాడు, "ఏం నా, ఇంకా ఆ గుర్రం మీదనే పోతా ఉండావా?" అని. నిజంగానే వాడు టీ తాగి వచ్చేదాకా నేను గుర్రం మీదే ఉన్నాను. దారి చూపించే గీత వెంట పోతున్నాను, చుట్టూ ఎర్రటి మేపుల్ చెట్లు, కొండలు, చూడముచ్చటగా ఉంది, కానీ నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలియదు. అసలు సమస్య ఇదే. ఊరు తెలియదు.

తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఊరు తెలియడం అంటే ఏమిటో చెప్పగలను. గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో నన్ను కళ్ళు మూసి వదిలినా గాంధీ రోడ్డులోకి వచ్చేస్తాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు, ఎక్కడ మోకాళ్ళు పట్టేస్తాయో, ఎక్కడ కూర్చుంటే గాలి వస్తుందో కాళ్ళకే తెలుసు. 2010 ప్రాంతంలో బాలాజీ కాలనీ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి అసాసిన్స్ క్రీడ్ 2 ఆడినప్పుడు నాకు ఫ్లోరెన్స్ అట్లాగే తెలిసిపోయింది. శాంతా క్రోచే చర్చి నుంచి పోంతె వెక్కియో వంతెన దాకా మిద్దెల మీదే ఎట్లా పోవాలో ఇప్పటికీ చెప్పగలను, ఇటలీ ముఖం చూడలేదు నేను. ఆ గేమ్ హీరో ఎజియో ఆ ఊరి పిల్లవాడు, మొదట్లో అన్నతో కలిసి గోడలెక్కి పందేలు వేసుకుంటాడు, కొద్దిసేపటికే అదే ఊళ్ళో తండ్రిని, అన్నదమ్ముల్ని ఉరి తీయడం చూస్తాడు. ఊరు మన కాళ్ళకి తెలిసిపోయాక ఆ ఉరి జరుగుతుంది కాబట్టే మనకి అంత బాధ.

సిరీస్ ఇట్లా ఎందుకు ఉబ్బిందో వెనక్కి పోతే తెలుస్తుంది. 2007 నుంచి ఒకే పద్ధతి, 2009 తర్వాత దాదాపు ఏడాదికొకటి. 2014లో యూనిటీ ప్యారిస్‌ని అద్భుతంగా కట్టింది, నోత్ర్ దామ్ చర్చి ముందు నిలబడితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు, కానీ విడుదల రోజుకి గేమ్ తప్పులతడకగా ఉందని ప్రపంచమంతా తిట్టింది. 2015లో లండన్‌లో సిండికేట్. తర్వాత ఒక ఏడాది ఆగి 2017లో ఆరిజిన్స్‌తో పద్ధతే మార్చేశారు. ఈజిప్టు మొత్తం, లెవెల్స్, ఏ కత్తి ఎంత గొప్పదో చెప్పే రంగులు. అందులో బయెక్ నాకిష్టమైన హీరో, అతని కొడుకు కథ తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, కాబట్టి ఆ మార్పు తప్పని నేను అనను. కానీ 2018లో ఒడిస్సీ దానికి రెండింతలైంది, 2020లో వల్హల్లా అన్నీ చేస్తే వంద గంటలు దాటింది. 2023లో మిరాజ్ వచ్చింది, మళ్ళీ ఒకటే ఊరు, బాగ్దాద్, పదిహేను ఇరవై గంటల్లో అయిపోతుంది. హీరో బాసిమ్ కథ బలంగా లేదు, పరుగు పాత యంత్రం మీద నడిచినట్టు ఉంటుంది, అయినా ఆ బాగ్దాద్ వీధులు మూడు రోజుల్లో నాకు తెలిసిపోయాయి. 2025 మార్చిలో షాడోస్ మళ్ళీ పెద్ద మ్యాప్‌కి పోయింది.

కాబట్టి నా కోరిక సూటిగా చెప్తున్నా. షాడోస్ నుంచి చీకటి, వెలుతురు, వాన, పాకడం తీసుకోండి. మిరాజ్ నుంచి సైజు తీసుకోండి. ఒకటి లేదా రెండు ఊళ్ళు, ఇరవై ఐదు గంటలు, పది మంది శత్రువులు. మొదటి గేమ్ నుంచి జనంలో కలిసిపోవడం తీసుకోండి, షాడోస్‌లో అది దాదాపు లేనే లేదు, అంత పెద్ద క్యోటోలో జనం ఉండి ఏం లాభం. ఇప్పటి కాలపు కథ, పూర్వీకుల జ్ఞాపకాల్లోకి తీసుకెళ్ళే అనిమస్ అనే యంత్రం వగైరా, 2012 గేమ్‌లో ఆ కథ హీరో డెస్మండ్ చనిపోయినప్పటి నుంచి దారి తప్పింది, రాయగలిగితే రాయండి, లేకపోతే వదిలేయండి, నాకు పట్టింపు లేదు.

ఇక ఎక్కడ అన్నది. ఇండియాలో ఒక పెద్ద గేమ్ రావాలని మనవాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్నారు. 2016లో క్రానికల్స్ ఇండియా వచ్చింది, 1841 నాటి కథ, అర్బాజ్ మీర్ హీరో, కానీ అది పక్కనుంచి చూస్తూ ఆడే చిన్న గేమ్, బొమ్మలు రంగురంగులుగా బాగుంటాయి తప్ప ఊరు తిరగడం అనేది లేదు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది మౌర్యులు అంటారు, మొఘలులు అంటారు, 1857 అంటారు. మన తెలుగువాళ్ళు హంపి అంటారు. నేను చంద్రగిరి అంటాను. తిరుపతి నుంచి బస్సెక్కితే అరగంట.

ఊరిమీద ప్రేమతో అంటున్నానని అనుకుంటారేమో, ప్రేమ ఉంది, కానీ కథ వినండి. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు పెనుకొండకి, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చారు. వెంకటపతి రాయలు 1586 నుంచి 1614 దాకా ఏలాడు. ఆయన రాగి విగ్రహం తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే మండపంలో ఉంది, కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో ఉన్న విగ్రహాలకి ఎదురువైపు, దర్శనం తొందరలో ఎవరూ తల తిప్పి చూడరు. 1598లో ఈయన కొలువుకి జెస్యూట్ పాద్రీలు వచ్చారు. షాడోస్‌లో యసుకే ఏ పాద్రీలతో జపాన్‌లో దిగాడో ఆ సంఘం వాళ్ళే. తీరంలో శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్ళు, పులికాట్‌లో డచ్చివాళ్ళు, ఇద్దరికీ పడదు. ఈ గేమ్‌కి కావాల్సిన కుట్రదారులంతా ఒక్కచోట చేరినట్టే కదా.

1614లో వెంకటపతి రాయలు చనిపోయాడు. అన్న కొడుకు శ్రీరంగరాయల్ని వారసుడిగా ప్రకటించి పోయాడు. ఒక రాణి పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయడు దానికి ఒప్పుకోలేదు, ఆ రాణి కొడుకుగా పెంచిన పిల్లాణ్ణి గద్దె మీద పెట్టాలని శ్రీరంగరాయల్ని భార్యాబిడ్డలతో సహా వేలూరు కోటలో బంధించాడు. నాయకులంతా జగ్గరాయడి వైపు చేరిపోయారు. వెలుగోటి యాచమనాయుడు ఒక్కడు, వెంకటగిరి రాజుల వంశం వాడు, తల వంచలేదు. కోటలోపల గట్టి కాపలా, చుట్టూ కందకం, ఆ కందకంలో మొసళ్ళు ఉండేవని వేలూరు వాళ్ళు ఇప్పటికీ చెప్తారు. యాచమనాయుడు ఏం చేశాడంటే, కోటలో బట్టలు తీసుకుపోయే రజకుడిని తనవైపు తిప్పుకున్నాడు. ఆ రజకుడు రాజుగారి రెండో కొడుకుని, చిన్న పిల్లాణ్ణి, మాసిన బట్టల మూటలో కట్టి, కాపలావాళ్ళ కళ్ళ ముందే నెత్తిన పెట్టుకుని బయటికి తెచ్చాడు. పిల్లాడి పేరు రామదేవుడు. తర్వాత జగ్గరాయడు రాజుని, మిగిలిన కుటుంబాన్ని చెరసాలలోనే తుదముట్టించాడు. ఆ రోజుల్లో దక్షిణాదిలో ఉన్న బర్రాదాస్ అనే పోర్చుగీసు పాద్రీ 1616లో రాసిన ఉత్తరంలో ఇదంతా ఉంది. చివరికి కావేరి ఒడ్డున తోపూరు దగ్గర పెద్ద యుద్ధం జరిగి, జగ్గరాయడు చచ్చి, ఆ మూటలోంచి వచ్చిన పిల్లాడే రాజయ్యాడు.

ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. ఆ రజకుడి పేరు చరిత్ర రాసుకోలేదు. పేరు లేని మనిషి, అందరూ చూస్తున్నా ఎవరూ పట్టించుకోని మనిషి, కోటలో ఏ గదిలోకైనా పోగలిగిన మనిషి, అసాసిన్ అంటే అతనే. ఆ మనిషినో, అతని కూతురినో హీరోని చేయండి. పేరున్న రాజుని హీరోగా పెట్టొద్దు. మూట నెత్తిన పెట్టుకుని కోట వాకిలి దాకా నడిచే మిషన్ ఒక్కటి ఊహించండి, పరుగెత్తకూడదు, కత్తి తీయకూడదు, మూటలో పిల్లాడు దగ్గితే ఏమవుతుందో అని టెన్షన్, కాపలావాడు ఆపి మాట్లాడితే మామూలుగా జవాబు చెప్పాలి. నాకు ఇది రాస్తుంటేనే చేతులు చెమర్చాయి.

చంద్రగిరి, వేలూరు, రెండు ఊళ్ళు చాలు. మధ్యలో దారి కోసం చిత్తూరు మీదుగా కొండలు, అడవి కొంచెం. చంద్రగిరి కోట వెనక కొండ ఉంది, చెరువు ఉంది, రాజమహల్ మూడంతస్తులు కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, ఇప్పుడు అందులో మ్యూజియం. శ్రీవారిమెట్టు ఉంది, రాజులు ఆ దారిలోనే కొండెక్కేవారంటారు. ఇంకో మాట చెప్తారు మా వైపు, తిరుమలలో నైవేద్యం గంట కొడితే ఆ చప్పుడు ఒక మండపం నుంచి ఇంకో మండపానికి గంటలతో అందుకుంటూ చంద్రగిరి దాకా వచ్చేదని, అది విన్నాకే రాయలు భోంచేసేవాడని. ఈ సిరీస్‌లో ఎత్తైన చోటు ఎక్కితే చుట్టుపక్కల మ్యాప్ తెరుచుకుంటుంది కదా, ఆ గంట మండపాలే ఆ చోట్లు. ఎక్కి గంట కొట్టు, తర్వాతి మండపం జవాబిస్తుంది, మ్యాప్ తెరుచుకుంటుంది. కింద గడ్డివామి ఉంటే దూకొచ్చు.

గుడి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. షాడోస్ రాకముందే ఒక వీడియోలో జపాన్ గుడిలో సామాన్లు పగలగొట్టడం కనిపించి అక్కడ గొడవయింది, పార్లమెంటులో ప్రధానినే ప్రశ్న అడిగారు, చివరికి విడుదల రోజు వచ్చిన ప్యాచ్‌లో, అంటే సవరణల అప్‌డేట్‌లో, గుళ్ళలోని బల్లలు, అరలు పగలకుండా చేశారు. మన దగ్గర అట్లా చివరి నిమిషంలో సర్దుకుంటే కుదరదు, ముందే ఆలోచించాలి. తిరుమల ఆనంద నిలయం మీదికి ఎవరైనా ఎక్కితే నేను ఆ గేమ్ ముట్టుకోను, అమ్మ వాళ్ళు ఇంట్లో ఉండనివ్వరు. కానీ ఇది గేమ్‌కి అడ్డు కాదు, ఇదే మంచి ఆట. హీరో కూడా భక్తుడే అనుకోండి, మహాద్వారం దగ్గర కత్తి విప్పి పెట్టి లోపలికి పోతాడు. గుడి లోపల పోరాటం లేదు, ఎక్కడం లేదు. జనంలో నడవడం, పక్కనవాళ్ళ మాటలు వినడం, చూసి చూడనట్టు ఒక మనిషిని వెంబడించడం, అంతే. బ్రహ్మోత్సవాల రోజు వాహనం వెంట కదిలే జనంలో కలిసిపోతే నిన్ను ఎవడు పట్టుకుంటాడు? మొదటి గేమ్‌లో తెల్ల బట్టల పండితుల గుంపులో కలిసి నడిచిన ఆ ఆట మళ్ళీ మా నాలుగు మాడవీధుల్లో ఎంత బాగుంటుందో నాకు ఇప్పుడే కనిపిస్తోంది.

భాష కూడా. జపనీస్, పోర్చుగీసు పెట్టినవాళ్ళు తెలుగు పెట్టగలరు. కొలువులో తెలుగు, వేలూరు సంతలో తమిళం, పాద్రీలకి పోర్చుగీసు, పులికాట్‌లో డచ్చి. తెలుగు కూడా సినిమా తెలుగు వద్దు, మా వైపు యాస ఉండాలి. పుణెలో, ముంబైలో ఈ గేమ్‌లు చేసే యూబీసాఫ్ట్ కంపెనీ ఆఫీసులు ఎప్పటినుంచో ఉన్నాయి, అక్కడ మనవాళ్ళు ఎంతమంది పని చేస్తున్నారో, వాళ్ళని అడిగితే చాలు.

షాడోస్ కొనాలా అంటే, తగ్గింపులో వస్తే తప్పకుండా కొనండి, నావొయేతో మొదటి ముప్పై గంటలు ఆడండి, ప్రతి గుడీ ప్రతి కోటా తుడిచిపెట్టాలని చూడకండి, ప్రధాన కథ వెంట పోండి. అవాజీ దీవి మీద వచ్చిన అదనపు భాగం నేను ఇంకా తీసుకోలేదు.

పోయిన ఆదివారం మా తమ్ముణ్ణి చంద్రగిరి తీసుకెళ్ళాను. రాజమహల్ చూసి, ఏ కిటికీ పట్టుకుంటే ఏ అంతస్తుకి పోవచ్చో వాడే చూపిస్తూ తిరిగాడు. చెరువు గట్టు మీద కూర్చుని వేలూరు కథ మొదలుపెట్టాను, మూట వాకిలి దగ్గరికి వచ్చేసరికి మా బస్సు వచ్చింది. లేచాను. వాడు లేవలేదు. "బస్సు పోతే ఇంకోటొస్తాది నా, ఆ పిల్లోడు బయటపడినాడా లేదా చెప్పు ముందు" అన్నాడు.